యాజమాన్యం, నిర్వహణ, ‘మేనేజ్ చేయడం’: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో వ్యాపార నిర్వహణ విద్య - తెలుగు పరిభాష

ఉపోద్ఘాతం

ఒక శాస్త్రం ఒక భాషలోకి వచ్చిందని చెప్పడానికి ఆ శాస్త్రగ్రంథాలు ఆ భాషలో అచ్చు కావడం ఒక్కటే ప్రమాణం కాదు. ఆ భాష మాట్లాడేవారు తమ అనుభవాన్ని ఆ శాస్త్రం ముందు పెట్టి ప్రశ్నించగలిగినప్పుడే అది వారి భాషలోకి వచ్చినట్టు. ఈ కొలతతో చూస్తే వ్యాపార నిర్వహణ శాస్త్రం తెలుగులోకి సగమే వచ్చింది. ఆ లోటు ఎక్కడిదో తెలుసుకోవడానికి సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం కంటె అనువైన చోటు మరొకటి లేదు. రామచంద్రాపురంలోని భెల్ కర్మాగారం మొదలుకొని పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, కాజీపల్లి వరకు విస్తరించిన పారిశ్రామిక వాడల పక్కనే బి.కాం., బి.బి.ఎ., ఎం.బి.ఎ. చదువులు చెప్పే కళాశాలలు ఉన్నాయి. గేటు లోపల పనిచేసేవారి పిల్లలు గేటు వెలుపల ‘మేనేజ్‌మెంట్’ చదువుతున్నారు. ఒకే ఇంట్లో తండ్రికి తెలిసిన ‘మేనేజ్‌మెంట్’ వేరు, కొడుకో కూతురో పరీక్షలో రాసే ‘మేనేజ్‌మెంట్’ వేరు.

ఈ అంతరం కేవలం ఇంగ్లీషుకూ తెలుగుకూ మధ్య ఉన్నదనుకుంటే పొరపాటు. తెలుగులోపలే అది ఉంది. మేనేజ్‌మెంట్ అనే భావానికి తెలుగు సమాజం మూడు మాటలు వాడుతున్నది: యాజమాన్యం, నిర్వహణ, మేనేజ్ చేయడం. ఇవి పర్యాయపదాలు కావు, మూడు స్థానాల నుంచి చూసిన మూడు చూపులు. పాఠ్యగ్రంథం వీటిలో ఒకదానిని స్వీకరించి తక్కిన రెండింటిని వెలుపల ఉంచింది. ఆ ఎంపిక ఫలితాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పటాన్‌చెరు: పరిభాషా ప్రయోగాల భూమి

పటాన్‌చెరు పేరు తెలుగు సాహిత్య చరిత్రలో కర్మాగారాల కంటె నాలుగు శతాబ్దాల ముందే నమోదైంది. 16వ శతాబ్దిలో, ఇబ్రహీం కుతుబ్‌షా పాలనా కాలంలో, పొట్లచెరువు అనే ఈ ఊరిలో ఉన్న అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగనార్యుడు తన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. తత్సమాలను వర్జించి రాసిన తొలి అచ్చతెలుగు కావ్యంగా దానికి గుర్తింపు ఉంది. పారసీకం అధికార భాషగా ఉన్న రాజ్యంలో ఒక ముస్లిం అధికారి ప్రాపున సంస్కృతం లేని తెలుగు కావ్యం పుట్టడం గమనార్హం. అయితే ఆ ప్రయోగం కావ్యప్రక్రియగానే కొనసాగింది. కార్యాలయాల్లో, అంగళ్లలో స్థిరపడినవి జమా, ఖర్చు, హాజరు, దస్త్రం, కరారునామా, గుమాస్తా, కార్ఖానా వంటి మాటలు. అచ్చతెలుగుకు కవిపండితుల ఆదరం లభించింది. పరిపాలన తెలుగుకు మాత్రం పని దొరికింది.

రెండవ ప్రయోగం హైదరాబాదులో జరిగింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను ఉన్నతవిద్యా మాధ్యమంగా స్వీకరించింది. అందుకోసం ఏర్పడిన అనువాద సంస్థ, దారుల్ తర్జుమా, అరబ్బీ, పారసీక ధాతువుల నుంచి వేలాది పారిభాషిక పదాలను నిర్మించింది. హైదరాబాదు రాజ్యం ముగిసిన తరువాత ఆ మాధ్యమమూ తొలగింది. వాటిలో చాలా మాటలు గ్రంథాలయాలకే పరిమితమయ్యాయి. తెలంగాణ పల్లెల్లో ఈనాటికీ నిలిచిన ‘కారోబార్’, ‘ఇంతజాం’, ‘బందోబస్తు’ వంటి పదాలు అనువాద సంస్థ నిర్మించినవి కావు. అవి అంతకు ముందునుంచీ వాడుకలో ఉన్నవి. ఏర్పాటు, అజమాయిషీ, లెక్క అనే మేనేజ్‌మెంట్ భావాలకు ఇవి పాతకాలపు స్థానిక నామాలే.

మూడవ ప్రయోగం తెలుగు అకాడమిది. ఉన్నతవిద్యకు తెలుగు మాధ్యమ గ్రంథాలు సమకూర్చడానికి 1968లో ఏర్పడిన ఈ సంస్థ పాఠ్యగ్రంథాలతోపాటు పారిభాషిక పదకోశాలు వెలువరించింది. 1982లో స్థాపితమై, తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పొందిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, కళాశాల మెట్టెక్కలేని ఉద్యోగులకూ శ్రామికులకూ తెలుగులో డిగ్రీ పాఠాలు అందించింది. షిఫ్టు దిగి వచ్చి పుస్తకం తెరిచిన మనిషికి తన భాషలో వాణిజ్యశాస్త్రం కనిపించడం ఈ కృషి సాధించిన విలువైన ఫలితం. ఇక్కడి విమర్శ ఆ కృషిని తక్కువ చేయడానికి కాదు. అది ఆగిన చోటును గుర్తించడానికి.

‘నిర్వహణ’: కర్త లేని వాక్యం

తెలుగు పాఠ్యగ్రంథాలు మేనేజ్‌మెంట్‌కు ప్రధానంగా ‘నిర్వహణ’ అనే మాటను స్థిరపరిచాయి. తెలుగు అధ్యాపకులకు ఇది అపరిచితం కాదు. నాట్యశాస్త్రం చెప్పిన పంచసంధులలో చివరిది నిర్వహణ సంధి. ముఖసంధిలో నాటిన బీజం నుంచి చెదరి సాగిన అర్థాలన్నీ ఒకే ప్రయోజనం వైపు కూడి రావడం దాని లక్షణం. వేర్వేరు పనులను ఒక లక్ష్యానికి చేర్చడమే మేనేజ్‌మెంట్ అయినప్పుడు ఈ మాట ఎంపికలో ఔచిత్యం ఉంది.

అసలు మూలంలోనే పేరు గురించిన చిక్కు ఉంది. గనుల ఇంజనీరుగా జీవితం ప్రారంభించి ఒక బొగ్గు, ఇనుము కంపెనీని నడిపిన హెన్రీ ఫేయోల్ 1916లో ఫ్రెంచిలో రాసిన గ్రంథం పేరులో ఉన్నది ‘అడ్మినిస్ట్రేషన్’ అనే మాటే. 1949 నాటి ఇంగ్లీషు అనువాదం దానిని ‘మేనేజ్‌మెంట్’గా మార్చింది. బి.బి.ఎ. పేరులో పరిపాలన, పాఠాల్లో నిర్వహణ కలగలిసి కనిపించడానికి ఆ అనువాద చరిత్ర కూడా ఒక నేపథ్యం. కనుక ఏ తెలుగు మాట ‘సరి అయినది’ అన్న చర్చ కంటె, ఎంచుకున్న మాట చుట్టూ ఎటువంటి వాక్యం ఏర్పడిందన్నది ముఖ్యం.

పాఠ్యగ్రంథపు వాక్యనిర్మాణాన్ని చూపడానికి ఒక నమూనా చాలు: ‘సంస్థాగత లక్ష్యాల సాధనకై మానవ వనరులు సమర్థవంతంగా వినియోగింపబడవలెను.’ ఈ వాక్యంలో వినియోగించేది ఎవరో లేదు. వినియోగింపబడేవాడు మనిషిగా లేడు, వనరుగా ఉన్నాడు. లక్ష్యాలు ఎవరివో చెప్పే షష్ఠి లేదు. దీని పక్కన పారిశ్రామిక వాడలో ఏ రోజైనా వినిపించగల మాటను ఉంచవచ్చు: ‘రేపు బీ షిఫ్టుకు ఇద్దరు తక్కువున్నరు. ఎవల్ని ఆపుదాం?’ రెండూ ఒకే సమస్యను, శ్రమశక్తి కేటాయింపును చెబుతున్నాయి. రెండవ వాక్యంలో ఆపేవారున్నారు, ఆగవలసినవారున్నారు, కాలముంది, కొరత ఉంది. నిర్ణయం వల్ల ఎవరికి ఇబ్బందో వినగానే తెలుస్తుంది. మొదటిది శాస్త్రీయం, రెండవది గ్రామ్యం అనే విభజన సరికాదు. నిర్వహణ శాస్త్రం అడగవలసిన ప్రశ్న రెండవ వాక్యంలోనే పూర్తిగా ఉంది. కర్మణి ప్రయోగం తెలుగు సహజ ధోరణి కాదని వ్యాకర్తలు చెప్పే మాటకు ఇక్కడ శైలికి మించిన ప్రాముఖ్యం ఉంది: కర్త లోపించిన వాక్యంలో బాధ్యత కూడా లోపిస్తుంది.

‘యాజమాన్యం’: గేటు వెలుపలి నుంచి చూపు

పత్రికల్లో, కార్మిక సంఘాల కరపత్రాల్లో, సింగరేణి జీవితాన్ని చిత్రించిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి, అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితల లోకంలో మేనేజ్‌మెంట్ అంటే యాజమాన్యమే. ‘నిర్వహణ’ ఒక క్రియ. ‘యాజమాన్యం’ ఒక పక్షం. దానితో చర్చలు జరుగుతాయి, దానికి నోటీసు ఇస్తారు, అది దిగివస్తుంది లేదా దిగిరాదు.

ఈ మాటకు శాస్త్రదృష్టితో ఒక లోపం ఉంది. అది యజమానినీ మేనేజరునూ ఒకటి చేస్తుంది. ఆధునిక కంపెనీలో స్వామ్యం వేరు, అదుపు వేరు అనే విషయాన్ని బెర్లీ, మీన్స్ 1932లో ప్రతిపాదించిన నాటి నుంచి ఈ శాస్త్రం ఆ భేదం మీద ఎంతో చర్చ సాగించింది. 1948 నాటి కర్మాగారాల చట్టం కూడా కర్మాగారంపై అంతిమ అదుపు గల వ్యక్తినీ, మేనేజరునూ వేర్వేరుగా గుర్తించింది. ఆశ్చర్యమేమంటే ‘యజమాని’ పద చరిత్రలోనూ ఈ భేదం ఉంది. యజ్ఞంలో ఖర్చు భరించి ఫలం పొందేవాడు యజమానుడు. పని నడిపేవారు ఋత్విక్కులు. అంతా గమనిస్తూ దోషం దొర్లినప్పుడు సరిదిద్దే బ్రహ్మ వేరొకడు. తెలుగు వాడుకలో యజమాని అంటే సొంతదారు అనే అర్థం బలపడి, ఈ భేదం మరుగున పడింది.

లోపం ఉన్నంత మాత్రాన ఈ మాట చూపే సత్యం తక్కువది కాదు. ఫేయోల్ చెప్పిన 14 సూత్రాలలో ఒకటైన ‘ఆదేశ ఏకత’ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ప్రతి ఉద్యోగీ ఒకే అధికారి నుంచి ఆదేశాలు పొందాలన్నది దాని సారం. బి.బి.ఎ. మొదటి సంవత్సరపు విద్యార్థి దీనిని రెండు మార్కుల ప్రశ్నగా చదువుతాడు. అతని ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న కాంట్రాక్టు కార్మికునికి పని చూపేది కంపెనీ సూపర్‌వైజరు, జీతం ఇచ్చేది లేబరు కాంట్రాక్టరు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ఈ స్థితిని గుర్తించి, కాంట్రాక్టరుతోపాటు ‘ప్రధాన యజమాని’కి కూడా బాధ్యతలు నిర్దేశించింది. కాంట్రాక్టరు వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించాలని చెప్పింది. అంటే చట్టానికి తెలిసిన ద్వంద్వం పాఠానికి తెలియదు. ‘కాంట్రాక్టు పద్ధతిలో ఆదేశ ఏకత సాధ్యమా?’ అనే ప్రశ్న పటాన్‌చెరు విద్యార్థి సహజంగా అడగగలిగినది. ఆ ప్రశ్నకు కావలసిన ‘ప్రధాన యజమాని’ చట్టంలో, ‘యాజమాన్యం’ కరపత్రంలో, ‘ఆదేశ ఏకత’ పాఠంలో విడివిడిగా ఉన్నాయి. ఇవి ఒక పుటలో కలవవు.

‘సామాజిక బాధ్యత’ అధ్యాయం విషయమూ అంతే. 2013 నాటి కంపెనీల చట్టం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికరలాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలన్నది. విద్యార్థి ఆ శాతాన్ని కంఠస్థం చేస్తాడు. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థజలాల వల్ల చెరువులూ నక్కవాగూ కలుషితమైన విషయం 1990లోనే సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. ఆ వాగు పరీవాహకంలోని రైతు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి ‘బాహ్య వ్యయం’ అనే భావన ఉదాహరణ అక్కరలేనంత స్పష్టం. పాఠం మాత్రం దూరదేశపు ఉదాహరణతో దానిని బోధిస్తుంది.

‘మేనేజ్ చేయడం’: మధ్యస్థుని భాష

మూడవ మాటకు పదకోశాల్లో ఆదరణ లేదు, వాడుకలో ఎదురు లేదు. ‘ఎట్లనో మేనేజ్ చేస్తున్నం’ అన్నప్పుడు చాలీచాలని వనరులతో నెట్టుకు రావడం అర్థం. ‘ఆఫీసరును మేనేజ్ చేసిండు’ అన్నప్పుడు లోపాయికారీ సర్దుబాటు అర్థం. ఇంగ్లీషు మూలంలోనూ మొదటి ఛాయ ఉన్నదే. రెండవది ఇక్కడి అనుభవం దానికి చేర్చినది. ఒక సమాజం నియమాల ద్వారా పని కావడం కంటె మనుషుల ద్వారా పని కావడాన్ని ఎక్కువగా చూసినప్పుడు, ఆ మాటకు ఈ అర్థం వస్తుంది.

తెలుగు జనప్రియ సాహిత్యం ఈ మూడవ అర్థాన్నే ఆకర్షణీయంగా మలచింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నవలలోనూ, దాని ఆధారంగా 1984లో వచ్చిన ‘ఛాలెంజ్’ చిత్రంలోనూ నిరుద్యోగి అయిన కథానాయకుడు తెలివితో సంపద గడించడం ప్రధానవస్తువు. ‘విజయానికి ఐదు మెట్లు’ వంటి వ్యక్తిత్వ వికాస గ్రంథాలు ఆ ధోరణిని పాఠంగా మార్చాయి. ఇవి మేనేజ్‌మెంట్‌ను తెలుగు పాఠకునికి సన్నిహితం చేసిన మాట నిజం. అయితే అవి సంస్థ నిర్వహణను స్వీయ నిర్వహణగా కుదించాయి. షిఫ్టు కొరత, వేతన బకాయి, యంత్రభద్రత వంటివి వ్యక్తి దృక్పథంతో తీరే సమస్యలు కావు.

మరొకవైపు, పారిశ్రామిక వాడలో ‘మేనేజ్ చేసే’ మనిషి నిజానికి ఒక అనువాదకుడు. సూపర్‌వైజరుకు పైనుంచి ఇంగ్లీషులో ఈమెయిలు వస్తుంది. అతడు దానిని లైను మీద తెలుగులో, ఒడిశా, బిహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులకు దక్కనీ హిందీలో చెబుతాడు. సాయంత్రానికి జరిగినదాన్ని మళ్లీ ఇంగ్లీషు నివేదికగా మారుస్తాడు. మేనేజ్‌మెంట్ విద్య తయారు చేయవలసినది ఈ మనిషినే. ఆ విద్యకు ద్వారమైన తెలంగాణ ఐసెట్‌లో విశ్లేషణ, గణిత విభాగాలు ఇంగ్లీషుతోపాటు తెలుగులోనో ఉర్దూలోనో ఉంటాయి. భావప్రసార సామర్థ్యాన్ని పరీక్షించే విభాగం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. భావప్రసారం అంటే ఇంగ్లీషు అనే సమీకరణం ప్రవేశద్వారం వద్దనే స్థిరపడుతున్నది. నూరుమంది కార్మికులకు ఒక హెచ్చరికను అర్థమయ్యేలా చెప్పగల నేర్పు ఆ కొలతలోకి రాదు.

పరిభాష ప్రాణావసరం

ఈ చర్చను పండితుల పదవివాదంగా భావించే ప్రమాదం ఉంది. కర్మాగారాల చట్టం 108వ సెక్షను ఆ భ్రమను తొలగిస్తుంది. కర్మాగారంలో ప్రదర్శించవలసిన నోటీసులు ఇంగ్లీషులోనూ, అక్కడి కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని అది శాసించింది. కార్మికుని భాషలో చెప్పడం మేనేజరు దయ కాదు, విధి అని చట్టకర్తలు 1948లోనే గుర్తించారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా మరణించారు. మృతులలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు అనేకులు. ఆ ప్రమాద కారణాలు విచారణకు సంబంధించినవి, వాటిని భాషకు ఆపాదించడం తగదు. కాని అటువంటి వాడలో రేపు పర్యవేక్షకుడు కాబోయే విద్యార్థికి ప్రమాదం, ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఆపివేత వంటి విషయాలను కార్మికుని భాషలో చెప్పే శిక్షణ ఇవ్వకపోవడం విద్యాలోపమే.

ఇక్కడ రెండు ఆక్షేపణలు ఎదురవుతాయి. ఉద్యోగం ఇచ్చేది ఇంగ్లీషు కనుక తెలుగు పరిభాష విద్యార్థికి భారం కాదా అన్నది మొదటిది. తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ చదివి బి.బి.ఎ.లో చేరిన విద్యార్థి ఇంగ్లీషు వాక్యాన్ని కంఠస్థం చేసి పరీక్ష దాటవచ్చు. భావం అందకుండా నిలిచిన ఇంగ్లీషు మౌఖిక పరీక్షలో మొదటి అనుబంధ ప్రశ్నకే కూలిపోతుంది. కనుక తెలుగు వివరణ ఇంగ్లీషుకు పోటీ కాదు, దానికి పునాది. కార్మికులలో తెలుగువారే లేని చోట తెలుగుతో పనేమి అన్నది రెండవది. ఈ ఆక్షేపణలో బలముంది. అందుకే కావలసినది తెలుగు ఒక్కటే అనే నినాదం కాదు, భాషల మధ్య కదలగల నేర్పు. ఒక భావాన్ని తన భాషలో విప్పి చెప్పగలిగినవాడే దానిని మరొక భాషలోకి చేర్చగలడు.

తెలుగు శాఖల బాధ్యత

ఈ పని వాణిజ్యశాఖలు మాత్రమే చేయగలిగినది కాదు. దీనికి తెలుగులోనే బలమైన పద్ధతి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నిర్దేశకత్వంలో మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువడింది. పదాన్ని బల్ల దగ్గర కూర్చుని నిర్మించడం కాక, పనిచేసేవారి దగ్గరకు వెళ్లి సేకరించడం దాని విధానం. నాగలికీ మగ్గానికీ దక్కిన ఆ గౌరవం కర్మాగారపు లైనుకు కూడా దక్కాలి. డ్యూటీ ఎక్కడం, డ్యూటీ దిగడం, నాగా, ఓటీ, రిలీవరు, గేటుపాసు, మేస్త్రీ, డబుల్ డ్యూటీ, బ్రేక్‌డౌను వంటివి సేకరణకు ఎదురుచూస్తున్న వృత్తిపదాలే. ‘ఎక్కు’, ‘దిగు’ అనే క్రియలు ఎరువుమాటను తెలుగు వ్యాకరణంలోకి ఎంత సులభంగా తెచ్చుకున్నాయో గమనిస్తే, అన్యదేశ్యమనే కారణంతో వీటిని తోసిపుచ్చడం తగదని తెలుస్తుంది. తెలగనార్యుని ప్రయోగం కావ్యంగా ఆదరణీయమే. శాస్త్రపరిభాషకు అనుసరణీయమైనది గుమాస్తా లెక్కపుస్తకపు మార్గం.

అటువంటి కోశం తయారైతే పాఠ్యగ్రంథంలో ప్రతి భావనకు రెండు మాటలు పక్కపక్కన నిలుస్తాయి. గైర్హాజరీ పక్కన నాగా, శ్రమ కేటాయింపు పక్కన షిఫ్టు చీటీ, ఆదేశ ఏకత పక్కన కాంట్రాక్టరు, సూపర్‌వైజరుల ద్వంద్వం కనిపిస్తాయి. విద్యార్థి ప్రాజెక్టు నివేదిక కోసం కర్మాగారానికి వెళ్లినప్పుడు ఇంగ్లీషు ప్రశ్నావళికి టిక్కులు సేకరించడంతో ఆగక, అక్కడి వాక్యాలను వినగలుగుతాడు.

ముగింపు

‘నిర్వహణ’ పని స్వభావాన్ని చూపి చేసేవారిని మరుగుపరచింది. ‘యాజమాన్యం’ అధికారాన్ని చూపి పని స్వభావాన్ని మరుగుపరచింది. ‘మేనేజ్ చేయడం’ మధ్యలో నలిగే మనిషిని చూపి నియమాన్ని మరుగుపరచింది. మూడింటిలో ఏ ఒక్కటీ చాలదు, ఏ ఒక్కటీ వ్యర్థం కాదు. వీటి మధ్య సంభాషణ ఏర్పరచడమే నిర్వహణ విద్యకు తెలుగు చేయగల మేలు. పంచసంధులలో నిర్వహణకు ముందున్నది విమర్శ సంధి. పటాన్‌చెరు తరగతి గదిలో పాఠం విమర్శను దాటవేసి నేరుగా నిర్వహణకు చేరుతున్నది. విడిచిన ఆ సంధిని తిరిగి చేర్చవలసిన బాధ్యత పరిభాషను సృష్టించేవారితోపాటు దానిని విమర్శించవలసిన తెలుగు శాఖలపై కూడా ఉంది.